అతిథి వృక్షం

హితోపదేశంలో జరద్గవమనే ముసలి గద్ద, పిల్లి తీపి మాటలు నమ్మి తన చెట్టుపై ఆశ్రయమిచ్చి, చివరకు ప్రాణాలనే పోగొట్టుకుంది. అపరిచితుని స్వభావం విచారింపక చోటీయరాదన్న ఈ నీతి వృక్షాలకు సైతం వర్తిస్తుంది.

దివిసీమ తీరంలోని సరుగుడునే చూడండి. ఆంగ్లంలో దీనికి 'ఆస్ట్రేలియన్ పైన్' అని పేరు. కాని ఇది పైన్ జాతి కాదు. సూదులుగా తోచేవి దీని సన్నని రెమ్మలే. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. గాలి వేగాన్ని తగ్గించే తీర రక్షక వనాలకు సరుగుడు తగినదిగా పేరుపొందింది. ఇది ఇసుక నేలలో పెరుగుతుంది. కొద్ది సంవత్సరాలలోనే రైతుకు కర్రనిస్తుంది.

అదే వృక్షం అమెరికాలోని ఫ్లోరిడాలో ఆక్రమణదారు. దాని రెక్కల విత్తనాలు గాలికెగిరి దూరాన మొలుస్తాయి. రాలిన రెమ్మల పొర ఇతర మొక్కలను ఎదగనీయదు. పైపైన అల్లుకొన్న వేళ్లు సముద్రపు తాబేళ్లు గూడు తవ్వుకోవడానికి అడ్డుపడతాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన కృష్ణా తీరానికీ గుడ్లు పెట్టడానికి వస్తాయన్న సంగతి మరువరాదు.

మరి ముప్పును ముందుగా గుర్తించడమెట్లా? 1997లో ఆస్ట్రేలియా ఇందుకు 49 ప్రశ్నల పద్ధతిని అనుసరించింది. వాటిలో ముఖ్యమైనవి ఇటువంటివి: ఈ జాతి మరెక్కడైనా కలుపుగా మారిందా? మన వాతావరణం దానికి అనుకూలమా? ఎన్నేళ్లకు కాపుకొస్తుంది? విత్తనం ఎట్లా వ్యాపిస్తుంది? నరికితే మళ్లీ చిగురిస్తుందా?

19వ శతాబ్దంలో వంటచెరకు కోసం, బీడు నేలల కోసం సర్కారు తుమ్మను తెచ్చినవారు ఈ ప్రశ్నలు అడిగి ఉంటే ఎంత బాగుండేది! పశువులు కాయలు తిని, పేడతో విత్తనాలను వెదజల్లాయి. నరికిన మోడు మళ్లీ చిగురించింది. నేడు దానిని నిర్మూలించడం దుస్సాధ్యం.

సరుగుడు అంత మొండిది కాదు. నరికితే సాధారణంగా బలంగా చిగురించదు. అయినా అప్రమత్తత అవసరం. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకను విడిచి, లోపలి నేలలో నాటాలి. తాటి, కానుగ, పొన్నలకూ చోటీయాలి. ఉప్పుటేళ్ల వెంట మడ అడవులను కాపాడాలి. అతిథిని ఆదరించడం మన ధర్మం. ఇల్లు అప్పగించడం మాత్రం అవివేకం.

ప్రశ్నలు
1. సరుగుడు వల్ల కలిగే మేలు, కీడులను వివరించండి.
2. సర్కారు తుమ్మ నేర్పిన పాఠమేమి?