భాగించకుండానే తేలిన ప్రధాన సంఖ్య

చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు – ఈ విధంగా రెట్టింపు చేస్తూ పోతే 64 గడులకు మొత్తం ఎన్ని గింజలవుతాయో పావులూరి మల్లన గణితంలోని ఒక పద్యం చెబుతుంది. ఆ మొత్తం 2⁶⁴−1, అనగా 18446744073709551615. చివరి అంకె 5 కనుక ఇది ప్రధాన సంఖ్య కాజాలదు. గడులు 64 గాక 127 ఉన్నట్లయితే మొత్తం 39 అంకెలకు చేరుతుంది:

170141183460469231731687303715884105727

ఇది మాత్రం ప్రధాన సంఖ్య. 1, తాను తప్ప దీనిని నిశ్శేషంగా భాగించే సంఖ్య మరొకటి లేదు. ఈ సంగతిని 1876లో ఫ్రాన్స్ దేశపు గణితవేత్త ఎడ్వార్డ్ లూకా కేవలం చేతిలెక్కతో తేల్చాడు. పిల్లలు ఆడుకునే ‘హనోయ్ గోపురం’ సృష్టికర్త కూడా ఆయనే. ఆ ఆటలో 127 బిళ్ళలుంటే కావలసిన కనీసపు ఎత్తుల సంఖ్య సరిగ్గా ఇదే కావడం ఒక ముచ్చట.

సామాన్య పద్ధతి, వర్గమూలం వరకు గల సంఖ్యలతో భాగించి చూడడం. ఇక్కడ ఆ వర్గమూలమే 20 అంకెల సంఖ్య. పనిని తగ్గించే ధర్మం ఒకటి లేకపోలేదు: దీనికి కారణాంకమంటూ ఉంటే, దానిని 254 తో భాగించినపుడు శేషం 1 రావాలి. అటువంటి వాటినే ఏరి, సెకనుకొక భాగహారం చొప్పున రేయింబవళ్ళు చేసినా 160 కోట్ల సంవత్సరాలు పడుతుంది.

లూకా మార్గం వేరు. 1930లో అమెరికాకు చెందిన డి. హెచ్. లేమర్ దానికిచ్చిన సరళరూపాన్ని బడిపిల్లలు సైతం కాగితం మీద చేసి చూడవచ్చు. 2⁷−1, అనగా 127 నే తీసుకోవచ్చు. 4 తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసివేసి, వచ్చిన దానిని 127 తో భాగించి శేషాన్ని మాత్రం ఉంచుకోవాలి. ఆ శేషంతో మళ్ళీ అదే పని. వరుసగా 14, 67, 42, 111, 0 వస్తాయి. ఘాతాంకం 7 కంటే రెండు తక్కువ, అంటే అయిదు ఆవృత్తులు. చివర సున్న వచ్చింది కనుక 127 ప్రధాన సంఖ్య, రాకుంటే కాదు. ఘాతాంకం 2 కంటే పెద్దదైన ప్రధాన సంఖ్య అయినపుడల్లా ఈ పరీక్ష చెల్లుతుంది. పై 39 అంకెల సంఖ్యకు 125 ఆవృత్తులు చాలు. ఆ సున్న వెనుక 3 యొక్క వర్గమూలం చేరిన సంఖ్యల గణితం ఉంది. దాని నిరూపణ ఈ పుటలలో ఇమిడేది కాదు.

కారణాంకాలను వెదకకుండానే తీర్పు చెప్పడం ఇందలి విశేషం. ద్రావణం ఆమ్లమో కాదో లిట్మస్ కాగితం చెబుతుంది; ఏ ఆమ్లమో చెప్పదు. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి మతాచార్యుడు 2⁶⁷−1 ను ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. 1876లో లూకా అది కాదన్నాడు, కాని ఒక్క కారణాంకమైనా చూపలేకపోయాడు. అటువంటి మాటను నమ్మడం ఎలా? 27 ఏళ్ళ తరువాత, 1903లో, అమెరికాలో ఎఫ్. ఎన్. కోల్ ఆ సంఖ్య 193707721, 761838257287 ల లబ్ధమని చూపాడు. గుణించి సరిచూడడానికి ఎవరికైనా కొద్ది నిమిషాలు చాలు.

లూకా కనుగొన్న 39 అంకెల సంఖ్య 1951 వరకు, 75 సంవత్సరాల పాటు, తెలిసిన ప్రధాన సంఖ్యలన్నింటిలో పెద్దదిగా నిలిచింది. 2024లో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹−1 లో 4,10,24,320 అంకెలున్నాయి. కంప్యూటర్లు దానిని ధ్రువపరచినది కూడా 4 తో మొదలయ్యే ఈ పరీక్షతోనే.