తిథికి వచ్చేవాళ్ళు, ఆదివారానికి వచ్చేవాళ్ళు

మా అంతర్వేదికి ఒకప్పుడు జనం తిథి చూసుకుని వచ్చేవారు. చొల్లంగి అమావాస్యకు మొదలయ్యే సప్తసాగర యాత్ర భీష్మ ఏకాదశికి మా గోదావరి, సముద్ర సంగమ స్నానంతో ముగుస్తుంది. మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు రథోత్సవం. తీర్థం అయిపోయాక ఊరు తెరిపిన పడేది. ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రానికే కార్లు దిగుతున్నాయి. నరసాపురం రేవులో పంటు ఎక్కి వచ్చేవాళ్ళలో లైట్‌హౌసూ, సంగమం దగ్గరి అన్నాచెల్లెళ్ళ గట్టూ చూసి పోదామనుకునేవాళ్ళు చాలామంది. ఈ ఊళ్ళోనే పుట్టి, ఇక్కడే పిల్లలకు చదువు చెప్పి, పెద్దవాణ్ణయ్యాను. గదులు కడుతున్న, కొట్లు పెడుతున్న మా ఊరి పిల్లల కోసం నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

1. ఇద్దరూ అతిథులే

యాత్రికుడు నియమం ఇంటి దగ్గరే నేర్చుకుని వస్తాడు. ఎక్కడ స్నానం చెయ్యాలో, ఏ గుడికి వెళ్ళాలో అతనికి పెద్దలు చెప్పి పంపుతారు. షికారుకు వచ్చినవాడికి ఎవరూ చెప్పి ఉండరు. చెప్పులతో వచ్చాడనీ, గట్టిగా పాటలు పెట్టాడనీ విసుక్కునే ముందు అతనికి మనం ఏం చెప్పామో ఆలోచించాలి. స్వామి పడమటి ముఖంగా ఎందుకున్నాడని అడిగితే చెప్పగలిగే కుర్రాడు ప్రతి లాడ్జిలోనూ ఒకడుండాలి. నీలకంఠేశ్వరుడు ఈ క్షేత్రానికి పాలకుడని, గుర్రాలక్క గుడి ఫలానా చోటుందని నెమ్మదిగా చెబితే వినేవాళ్ళే ఎక్కువ. తెలిసినచోట మనిషి తనంతట తానే అణకువగా ఉంటాడు.

2. సంగమం దగ్గర నీళ్ళు తెలిసిన మనిషి ఉండాలి

అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట పైకి నీళ్ళు నిశ్చలంగా కనిపిస్తాయి. ఆటు మొదలైతే నది నీరూ, వెనక్కి పోయే సముద్రపు నీరూ కలిసి మనిషిని ఒకే వైపు లాగుతాయి. వరద వచ్చిపోయాక ఇసుక మేటలు చోటు మారతాయి. నిరుడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు నిలువులోతు ఉండొచ్చు. పైగా జనం పుణ్యస్నానాలకు ఎక్కువగా దిగేది అమావాస్యకూ పౌర్ణమికీ. ఆటుపోట్లు ఉద్ధృతంగా ఉండేవీ ఆ రోజులే.

తీర్థానికి పోలీసులుంటారు, గజ ఈతగాళ్ళుంటారు, పడవలుంటాయి. మామూలు ఆదివారం ఎవరూ ఉండరు, దిగేవాళ్ళు మాత్రం ఉంటారు. అందుకే ప్రతి సెలవురోజూ మత్స్యకారులుండే పల్లిపాలెం కుర్రాళ్ళను ఇద్దరిని జీతం ఇచ్చి నిలబెట్టాలి. ఆ జీతం లాడ్జీలవాళ్ళు, కొట్లవాళ్ళు తలా కొంత వేసుకుంటే ఎవరికీ భారం కాదు. ఆ రోజు ఆటుపోట్ల వేళలు పలక మీద రాసి గట్టు దగ్గర పెట్టాలి. ప్రాణం పోయాక పెట్టే హెచ్చరిక బోర్డు వల్ల ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు.

3. తీరం ముందు చేపల వేటగాళ్ళది

మా స్వామి గుడి నిర్మాణంలో కొపనాతి కృష్ణమ్మ పేరు నిలిచిపోయింది. ఆయన మత్స్యకార కుటుంబం వాడు. కాబట్టి వలలు ఆరబెట్టే ఇసుకను కుర్చీలు వేసి ఆక్రమించడం ధర్మం కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. బళ్ళకు వేసవి సెలవులిచ్చి జనం వచ్చేదీ ఆ రోజుల్లోనే. చేతిలో పనిలేని ఆ రెండు నెలలు దారి చూపడం, కాపలా, వంట వంటి పనులు ముందుగా మత్స్యకారులకే దక్కాలి.

4. నేల అమ్మకండి

కొబ్బరితోట ఒకసారి చేయి దాటితే ఆ చోట ఏం కట్టాలో మీ చేతిలో ఉండదు. కావాలంటే కౌలుకివ్వండి. ఆనకట్టలు కట్టాక గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గింది, డెల్టా తీరంలో చాలాచోట్ల సముద్రం నేలను కోసుకుపోతోంది. అలల గట్టుకు ఆనుకుని గదులు కట్టొద్దని తీర నియంత్రణ నిబంధనలు చెప్పేది మన మంచికే. గాలినీ ఇసుకనూ ఆపే సరుగుడు తోపులను కొట్టి కార్లు నిలిపే స్థలం చేయొద్దు.

5. బోరు, బల్బు

మన ఇసుక నేలల్లో మంచినీరు పైపొరలోనే ఉంటుంది, కింద ఉప్పునీరు. ఒక్క రిసార్టు పెద్ద మోటారు పెట్టి తోడితే చుట్టుపక్కల నూతులు ఉప్పెక్కుతాయి. అలాగే చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టినప్పటి నుంచి పిల్లలు బయటికి వచ్చేదాకా తీరంలో పెద్ద లైట్లు వద్దు. ఆ తాబేలు పిల్లలు వెలుగు చూసి దారితప్పి ఊరివైపు వస్తాయి.

6. ఏడాదికోసారి కదిలేదానికి ఏడాది పొడుగునా కాపలా

2020 సెప్టెంబరులో ఒక రాత్రి స్వామివారి టేకు రథం షెడ్డులోనే కాలిపోయింది. మరుసటి ఏడాది రథసప్తమికి కొత్త రథం సిద్ధమైంది గానీ, రథం కాలిన మర్నాటి ఉదయం ఊరు పడ్డ బాధ మాటల్లో పెట్టలేను. ఉత్సవం రోజున లక్ష కళ్ళు చూసేదాన్ని మిగతా రోజుల్లో చూసే కళ్ళు మనవే కావాలి.

గోదావరి పుష్కరాలు 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో వస్తాయి. ఆలోపు పంచాయతీ, దేవస్థానం, పల్లిపాలెం పెద్దలు, లాడ్జీలవాళ్ళు ఒక్కచోట కూర్చోండి. ఏ రోజు స్నానం ఎక్కడ, కార్లు ఎక్కడ ఆగాలి, చెత్త ఎవరు ఎత్తాలి, ఏ నెలలో ఏ దీపం ఆర్పాలి, అన్నీ తేల్చి ఊరి పంచాంగంగా అచ్చు వేయించండి. ప్రతి గదిలోనూ అతికించండి. తిథికి వచ్చినా, ఆదివారానికి వచ్చినా, ఆ రోజు ఈ ఊళ్ళో ఎలా మెలగాలో వచ్చినవాళ్ళకు తెలియాలి. అది చెప్పవలసింది మీరే.