పాలబండి ఇంజను వణుకుతున్నదా? కారణం వెదకి బాగుచేయండి



గేదె మేత మానితే ముందు ఒళ్ళు తాకి చూస్తాము, నెమరు చూస్తాము, పేడ చూస్తాము. ఆ తరువాతనే మందు. పాలబండి ఇంజను వణికితే మాత్రం ఏమీ చూడకుండానే సామాను కొనడానికి పలాసకో టెక్కలికో పరుగెత్తుతాము. వస్తువు మారుతుంది, డబ్బు పోతుంది, వణుకు మిగులుతుంది.

అప్పుడే పితికిన పాల వేడి ఇంచుమించు 37 డిగ్రీలు. 4 డిగ్రీలకు చల్లబరచే వరకు వాటిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతూ ఉంటాయి. భావనపాడు తీరం నుంచి క్యాన్లతో బయలుదేరిన బండి ఉప్పు మడుల మధ్య ఆగిపోతే పాలు విరుగుతాయి. ఆ నష్టం డ్రైవరు ఒక్కడిది కాదు, క్యానులో పాలు పోసిన ప్రతి ఇంటిదీ.

వణుకు ఎందుకు వస్తుంది?

బండి నిలిచి ఉండి ఇంజను నెమ్మదిగా తిరగడాన్ని మెకానిక్కులు ఐడ్లింగ్ అంటారు. అప్పుడు ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు నిమిషానికి 400 సార్లు మండవలెను. ఒకటి మండకపోతే సెకనుకు ఆరేడు సార్లు లోటు పడుతుంది. నాలుగెడ్లలో ఒకటి లాగకపోతే కాడి కుదిపినట్లు బండి కుదుపుతుంది. వేగం పెరిగితే చక్రం ఊపులో ఆ లోటు కప్పబడుతుంది, కాని రోగం పోదు.

ముందుగా చూడవలసినవి

1. వణుకు ఎప్పుడు వస్తున్నది? ఉదయం చల్లగా ఉన్నప్పుడా, ఇంజను వేడెక్కిన తరువాతనా, ఎల్లప్పుడునా? రాసి పెట్టుకోవలెను.

2. ఆరుబయట బండి నిలిపి పొగగొట్టం శబ్దం వినవలెను. శబ్దం సమంగా ఉండి బండి మాత్రమే వణికితే ఇంజను కింది రబ్బరు దిమ్మలు అరిగినవేమో చూడవలెను. మధ్య మధ్య తప్పితే ఏదో సిలిండరు మండడం లేదని అర్థం.

3. ఇంజను గుర్తు దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే బండిని నడపరాదు. మండని పెట్రోలు పొగగొట్టంలోని శుద్ధి పరికరాన్ని కాల్చివేస్తుంది.

పెట్రోలు బండి అయితే

ఖర్చు లేని పనులతో మొదలు పెట్టవలెను. గాలి వడపోత దుమ్ముతో మూసుకున్నదా? గాలి గొట్టాలు పగిలి 'సుయ్' మని పీలుస్తున్నాయా? గాలి వచ్చే ద్వారంలో మసి పట్టినదా? తరువాత ఇంజను చల్లారినాక ప్లగ్గులు విప్పి చూడవలెను. మూడు ప్లగ్గులు గోధుమ రంగులో ఉండి నాలుగవది నల్లగా, తడిగా ఉంటే దోషం ఆ సిలిండరులో ఉన్నది.

అక్కడ వెంటనే కొత్త కాయిలు కొనవద్దు. ప్రతి సిలిండరుకు వేరు కాయిలు ఉన్న బండి అయితే ఇంజను ఆపి, ఆ కాయిలును పక్క సిలిండరు కాయిలుతో మార్చవలెను. దోషం కాయిలుతో పాటు పక్కకు పోతే తప్పు కాయిలుది. పాత చోటనే నిలిస్తే ప్లగ్గు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు, సిలిండరు ఒత్తిడి వరుసగా చూపించవలెను. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లను చేతితో లాగరాదు. షాకు గట్టిగా కొడుతుంది.

డీజిల్ బండి అయితే

దీనికి స్పార్కు ప్లగ్గులు ఉండవు. వడపోతలో నీరు చేరడం, గొట్టంలో గాలి చొరబడడం, ఇంజెక్టరు చెడడం ఇందులో ముఖ్య కారణాలు. వడపోత అడుగున ఉన్న మరను వదులుచేసి నీరు వదలవలెను. నేటి డీజిల్ బండ్లలో ఇంజెక్టరు గొట్టంలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. పాత బండ్లకు చేసినట్లు ఇంజను నడుస్తుండగా ఆ గొట్టాన్ని వదులుచేస్తే డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఆ పని తెలిసిన మెకానిక్కుకే వదలవలెను.

రెండు సిలిండర్ల చిన్న బండి కొంత వణకడం దాని స్వభావం. కొత్తగా పెరిగిన వణుకే రోగం.

మన తీరానికి ప్రత్యేకం

ఉప్పుగాలికి బ్యాటరీ ఎర్తు తీగ, వైర్ల కలుపులు పచ్చగా చిలుమెక్కుతాయి. విద్యుత్తు సరిగా అందక ఇంజను తడబడుతుంది. వీటిని నెలకొకసారి విప్పి శుభ్రం చేయవలెను. బ్యాటరీ తీగలలో ఎర్తు తీగను ముందుగా విప్పి, చివరగా బిగించవలెను. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుఫానులో బండి నీట మునిగితే, మెకానిక్కు చూడకుండా తాళం తిప్పరాదు. సిలిండరులో నీరుంటే లోపలి కడ్డీలు వంగిపోతాయి.

చేయరాని పని

వణుకు కనబడకుండా ఐడ్లింగ్ వేగం పెంచడం కొందరికి అలవాటు. అది జ్వరం చూడకుండా గేదెపై గోనె కప్పడం వంటిది. ఇంధనం వృథా అవుతుంది, దోషం ముదురుతుంది, చివరకు ఒకనాడు బండి దారిలో నిలుస్తుంది.

సంఘ సమావేశంలో చర్చించండి

1. మన బండికి మరమ్మతు పుస్తకం ఉన్నదా? తేదీ, తిరిగిన కిలోమీటర్లు, మార్చిన సామాను అందులో ఎవరు రాస్తున్నారు?

2. చివరిసారి మార్చిన వస్తువు నిజంగా చెడినదని ఎలా తెలుసుకున్నాము?

3. బండి దారిలో ఆగితే క్యాన్లు తెచ్చే రెండవ బండి ఎవరిది?