పోటీ పరీక్షల ప్రత్యేకం: లిటిల్ మోర్టన్ హాల్

ఇంగ్లండ్‌లోని చెషైర్ కౌంటీలో, కాంగిల్‌టన్ పట్టణానికి దగ్గరలో, చుట్టూ నీటి కందకంతో ఉన్న ట్యూడర్ కాలపు భవనం ఇది. నిర్మాణం 16వ శతాబ్దం ఆరంభంలో మొదలై సుమారు 1610 వరకు దఫదఫాలుగా సాగింది. ట్యూడర్ పాలన 1485-1603 కాబట్టి చివరి భాగం స్టూవర్ట్‌ల కాలానిదని గుర్తుంచుకోండి.

ఓక్ కలపతో చట్రం బిగించి, ఖాళీల్లో తడిక అల్లి, మట్టి మెత్తడం దీని నిర్మాణ పద్ధతి. మార్పుల కథ ఇంకా ఆసక్తికరం. 1559లో ఇంటి యజమాని విలియం మోర్టన్ ముంగిట్లోకి పొడుచుకొచ్చే కిటికీలు పెట్టించాడు. వాటిపై యజమాని పేరుతోపాటు వడ్రంగి రిచర్డ్ డేల్ పేరూ చెక్కి ఉంది. పనివాడి పేరు ఇలా నిలవడం నిజంగా అరుదైన గౌరవం. అదే కాలంలో ఇంటి ప్రధాన శాల అయిన గ్రేట్ హాల్ మధ్యలో ఓ అంతస్తు వేశారు, తర్వాత తీసేశారు.

ఎక్కువగా చెప్పుకోవలసింది లాంగ్ గ్యాలరీ. దక్షిణ భాగంపై మూడో అంతస్తుగా, సుమారు 68 అడుగుల పొడవున కట్టారు. పైకప్పు రాతి పలకల బరువుకు కింది కలప వంగిపోయింది. ఇల్లు వంకరగా కనిపించడానికి కారణం ఇదే. 19వ శతాబ్దం చివర ఇంటి యజమానురాలైన ఎలిజబెత్ మోర్టన్ లోహపు కడ్డీలతో ఈ గ్యాలరీని నిలబెట్టించి ఉండవచ్చు. భవనం 1938 నుంచి వారసత్వ కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. 1976లో చెక్క పలకల వెనుక పాత కుడ్యచిత్రాలు బయటపడ్డాయి.