చింత మాని నెమ్మది పొందుట

పాఠ్యభాగములు: మత్తయి 6:25–34, ఫిలిప్పీ 4:6–7



అప్పు వాయిదా, ఎండుచున్న బోరు, కుమార్తె వివాహము, దూరమందున్న కుమారుని ఉద్యోగము: వీటిలో ఏదో యొకటి లేని యిల్లు మన సంఘములలో అరుదు. కష్టము వచ్చినప్పుడు మనసు కలవరపడుట సహజమే. అయితే ఒక కష్టము తీరగానే మరియొకదానిని వెదకుకొని చింతించుట కొందరికి అలవాటగును. ఆ అలవాటును గూర్చియే ఈ మాసము ధ్యానింతము.

1. ప్రభువు దేనిని వద్దనెను?

మత్తయి 6వ అధ్యాయములో 25, 31, 34 వచనములందు, మూడు మారులు, చింతను మానుమని ప్రభువు ఆజ్ఞాపించెను. పక్షులను మనకు మాదిరిగా చూపెను. పక్షికి గాదెలు లేవు. అయినను తెల్లవారగానే మేతకు బయలుదేరును. గనుక దుక్కి దున్నవద్దనియు, అప్పు లెక్క చూడవద్దనియు ప్రభువు భావము కాదు. నాటుటకు నీళ్లు చాలునా యని లెక్క చూచుట ముందుచూపు. చూచిన లెక్కనే అర్ధరాత్రి పదిమారులు త్రిప్పుట చింత. మొదటిది చేతికి పని చూపును. రెండవది రేపటి బలమును నేడే తినివేయును.

2. నెమ్మది ఏమి చేయును?

పౌలు ఫిలిప్పీ పత్రికను బంధకములలోనుండి, బ్రదుకో చావో తేలని స్థితిలో వ్రాసెను. దేవుడిచ్చు నెమ్మదిని ఆయన కావలితో పోల్చెను. మూలభాషలో ఆ మాట సైనికుల కాపలాను సూచించును. మనకైతే జొన్నచేలోని మంచె జ్ఞాపకము వచ్చును. మంచెమీద మనిషి యున్నంత మాత్రమున పిట్టలు రాక మానవు. వచ్చినవి కంకిమీద నిలువవు, అంతే. విశ్వాసికిని చింతలు వచ్చును. అవి మనసులో కాపురముండకూడదు.

3. అభ్యాసము

(అ) చింతను పేరుపెట్టి కాగితముమీద వ్రాయుడి. చదువు రానివారు నమ్మకమైన యొకరితో చెప్పుడి. పేరులేని భయమే పెద్దదిగా కనబడును.

(ఆ) మీ చేతిలో నున్నదేదో, లేనిదేదో వేరుచేయుడి. వాయిదా గడువు అడుగుట మీ చేతిలో నున్నది. వాన మీ చేతిలో లేదు. మొదటిదానికి రేపే నడువుడి, రెండవదానిని దేవునికప్పగించుడి.

(ఇ) చింతకు ఒక వేళ నియమించుడి. 1983లో అమెరికాలో థామస్ బోర్కోవెక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును దినమునకు అరగంట ఇట్లు నియమించుకొను పద్ధతిని పరీక్షించి, చింత తగ్గెనని ప్రకటించిరి. మిగిలిన వేళల చింత వచ్చినయెడల, సాయంకాలము చూతమని పంపివేయుడి. ఆ అరగంటను ప్రార్థనతో ముగించుడి.

(ఈ) మనవితోకూడ కృతజ్ఞత చెప్పుమని పౌలు బోధించెను. నేడు పొందిన మేలు ఒక్కటైనను పేరుపెట్టి చెప్పుడి.

4. ఒక హెచ్చరిక

వారములతరబడి నిద్రలేక, తిండి సహింపక, చావే మేలను తలంపు వచ్చుచున్నయెడల, అది విశ్వాసము తక్కువని యెవరును నిందింపకూడదు. జ్వరమునకువలెనే దానికిని వైద్యమున్నది. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ వారితో 14416 నంబరుకు ఫోనుచేసి తెలుగులోనే ఉచితముగా మాటలాడవచ్చును. అట్టివారిని ఒంటరిగా విడువకుడి. ఒకరి భారమును ఒకరు మోయుట సంఘధర్మము (గలతీ 6:2).

కూటములలో ఆలోచించుటకు: ఈ వారము నన్ను నిద్రపోనీయని చింత యేది? దానిలో నేను చేయదగిన పని యేది? నా పొరుగున ఎవరి యింట దీపము రాత్రియంతయు ఆరకున్నది?