ఆటిజం: ఏ పనికి ఏ గడప?

ప్ర: మా బాబుకు రెండున్నరేళ్లు. ఏడాదిన్నరప్పుడు ‘అమ్మ’, ‘తాత’ అనేవాడు. ఇప్పుడు ఆ రెండు మాటలూ లేవు. సీసా మూతలు వరసగా పేర్చుకుంటూ గంటలకొద్దీ కూర్చుంటాడు. అంగన్‌వాడీకి వచ్చిన డాక్టరు జిల్లా ఆసుపత్రికి చీటీ రాసిచ్చారు. వెళితే వాడి మీద ముద్ర పడిపోతుందేమోనని భయం.
– ఓ తల్లి, సూర్యాపేట

జ: అమ్మా, ఆ చీటీలో ఉన్నది జబ్బు పేరు కాదు, ఒకసారి పరీక్ష చేయించమన్న మాట మాత్రమే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. ఎదుగుదలలో తేడా కనిపించిన పిల్లల్ని డీఈఐసీ అనే జిల్లా కేంద్రానికి పంపుతాయి. మూతలు పేర్చడం ఒక్కటే అయితే కంగారు అక్కర్లేదు, చాలామంది పిల్లలు ఆడుకునే ఆటే అది. వచ్చిన మాట పోవడం మాత్రం ఏ వయసులోనైనా వెంటనే చూపించాల్సిన విషయం కాబట్టి ఈ వారమే వెళ్లండి, వినికిడి కూడా పరీక్షించమని అడగండి.

ప్ర: మా పాపకు ఆటిజం అన్నారు. ఆసుపత్రికి వెళితే బడి సంగతి మాకు తెలియదంటారు. బడికి వెళితే సర్టిఫికెట్ అంటారు. మండలాఫీసుకు వెళితే కలెక్టరేట్ అంటారు. అన్నీ ఒక్కచోట చూసేవాళ్లే లేరా?
– ఒక తండ్రి, అనకాపల్లి

జ: మీ విసుగులో న్యాయముంది, తప్పు మీది కాదు. పరీక్షలు, థెరపీ ఆరోగ్య శాఖ చూస్తుంది. చదువు విద్యా శాఖది, పింఛను దరఖాస్తు గ్రామ సచివాలయంలో, బీమా సంగతి కేంద్ర ప్రభుత్వంలోని నేషనల్ ట్రస్ట్‌ది. ఈ గడపలన్నిటినీ కలిపేది ఒకటే కాగితం, వైకల్య సర్టిఫికెట్. దాంతో వచ్చే యూడీఐడీ అనే గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతుంది. ముందు ఆ ఒక్క పనీ పూర్తి చేయండి, పాప ఆధార్, ఫొటోలు, పరీక్షల కాగితాలు రెండేసి జెరాక్సులు తీసి ఒకే ఫైల్లో పెట్టుకోండి. సగం తిరుగుడు అక్కడే తగ్గుతుంది.

ప్ర: సర్టిఫికెట్ కోసం వెళితే కళ్లలోకి చూస్తాడా, పేరు పిలిస్తే పలుకుతాడా అని వరసగా ప్రశ్నలు అడిగారు. ఆరోజు మావాడు హుషారుగా ఉండి అన్నిటికీ పలికాడు. ఇంట్లో మిక్సీ వేస్తే మాత్రం చెవులు మూసుకుని మంచం కిందకు దూరతాడు. మార్కులు తగ్గిపోతాయా?
– ఓ తల్లి, నంద్యాల

జ: ఒక్కపూట హుషారును చూసి తేల్చే పరీక్ష కాదమ్మా అది. ఇసా అనే ఆ కొలమానాన్ని సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ మన పిల్లల కోసమే తయారుచేసింది. అందులో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు, మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేదని లెక్క. మీరు నాకు రాసిన మిక్సీ సంగతి అక్కడా చెప్పండి, వీలైతే ఫోన్లో వీడియో తీసి చూపించండి. చిన్నపిల్లలకు ముందు తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి కొన్నేళ్లకు మళ్లీ రమ్మనడం మామూలే, దానికి బెంగపడొద్దు.

ప్ర: మా అమ్మాయికి ఏడేళ్లు. ‘మీ పాపకు మా స్కూలు సరిపడదు’ అని చేర్చుకోలేదు. ఇక చదువు లేనట్టేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జ: కానే కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరుతో పిల్లల్ని కాదనకూడదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదివే హక్కుంది. ముందు మండల విద్యాధికారిని (ఎంఈవో) కలిసి మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం ఎక్కడుందో, ఐఈఆర్‌పీ అనే ప్రత్యేక టీచరు ఎవరో అడగండి. అప్పటికీ కుదరకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ప్ర: థెరపీ ఖర్చు నెలనెలా తడిసి మోపెడవుతోంది. ఆటిజం ఉన్నవాళ్లకు బీమా ఇవ్వరని ఏజెంటు అన్నాడు. నిజమేనా?
– ఓ తల్లి, రాజమహేంద్రవరం

జ: పూర్తిగా నిజం కాదు, మీరు అడగడం మంచిదైంది. నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ పథకం ఆటిజం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. చేరడానికి వైద్య పరీక్షలు లేవు, వయసు అడ్డు కాదు. థెరపీకి అందులో విడిగా పరిమితి ఉంటుంది, ముందు మీరు కట్టి తర్వాత బిల్లులు పెట్టుకోవాలి. కాబట్టి ప్రతి రసీదూ దాచండి, ఏటా రెన్యువల్ మరవకండి.

ప్ర: మా అబ్బాయికి వచ్చే నెల 18 నిండుతాయి. మా తర్వాత వాడికి ఎవరు? వాడి పేరున ఉన్న అర ఎకరం బంధువులు రాయించేసుకుంటే?
– ఒక తండ్రి, కరీంనగర్

జ: ఈ ప్రశ్న నాకు దాదాపు ప్రతి వారం వస్తుంది, మీరు ఒంటరి కాదు. 18 నిండాక అమ్మానాన్నలు కూడా చట్టం దృష్టిలో వాళ్లంతట వాళ్లే సంరక్షకులు కారు. అలాగని ఆటిజం ఉన్న అందరికీ సంరక్షకుడు అక్కర్లేదు. సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని స్థితిలో ఉంటే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయండి. అక్కడ నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఆ తర్వాత ఏటా లెక్కలు అప్పజెప్పాలి. దారి తప్పితే కమిటీ అతన్ని తొలగించగలదు. ఈలోగా దిగులుతో మీకే నిద్ర కరువైతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.