తోటి ఉద్యోగి బండి, మెకానిక్ కూలి

కొత్తగూడెం, మణుగూరు, సారపాకల్లో కొలువు చేసే మెకానిక్ సోదరులు సెలవు రోజున తోటి ఉద్యోగుల కార్లు బాగుచేయడం మామూలే. పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే అడవి దారిలో క్లచ్ పోతే ముందు గుర్తొచ్చేది వాళ్లే. పని అయ్యాక "ఎంత ఇమ్మంటావు భాయ్?" అంటే "మీ ఇష్టం" అంటారు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఎక్కువిచ్చానని ఒకరు, తక్కువొచ్చిందని మరొకరు మనసులో పెట్టుకుంటారు. జుమా నాడు ఒకే సఫ్‌లో నిలబడినా సలాం పొడిపొడిగానే ఉంటుంది.

కూలి ముందే తేల్చుకోవాలన్నది షరీఅత్‌లో ఇజారా నియమం. దివ్య ఖుర్ఆన్ (28:27)లో మద్యన్ వృద్ధుడు హజ్రత్ మూసా (అలై)తో ఎనిమిదేళ్ల కొలువని ముందే మాట్లాడుకున్నాడు. పదేళ్లు చేయడం మాత్రం ఆయన ఇష్టానికి వదిలాడు. ఏది ఒప్పందమో, ఏది ఉపకారమో అక్కడే తేలిపోయింది.

తెలిసినవాళ్ల దగ్గర డబ్బా అని మొహమాటమెందుకు? అబూ తైబా హిజామా చేస్తే దైవప్రవక్త (స) ఆయనకు ఒక సా ఖర్జూరాలు ఇప్పించారని బుఖారీ హదీసు. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసు ఇబ్నె మాజాలో ఉంది. మనమేమో జీతాలు పడనీ అంటాం!

మెకానిక్‌కూ బాధ్యత ఉంది. డ్యూటీ గంటలు, సంస్థ స్పానర్లు, గ్రీజు అమానత్. వాటితో సొంత పని చేయరాదు. స్పేర్ పార్టుల బిల్లు చూపించి కూలి విడిగా అడగాలి. పార్టు ధరలో కలిపేయకూడదు. ఉచితంగా చేయదలిస్తే ఆ మాట బానెట్ ఎత్తకముందే చెప్పాలి.